శ్రీరామపురపు డెయిజీ పువ్వు

నిన్న చేసిన ప్రార్థన నేటికేల చాలదని ఏ బాలుడైన అడిగినచో, తోటపని యెఱిగిన పెద్దలకు బదులు చెప్పుట సులభము. నిన్న పోసిన నీరు నేటి యెండకు చాలదు గదా! విలియం కేరీ జీవితమున ఈ రెండు పనులును ఒకే చోట సాగినవి.

ఇంగ్లండులో చెప్పులు కుట్టి జీవించిన కేరీ 1793లో వంగదేశమునకు వచ్చెను. 1800 నుండి హుగ్లీ నది యొడ్డున నున్న శ్రీరామపురమున నివసించెను. తెలుగువారికి ఆయన పరాయివాడు కాడు. 1812లో అచ్చటి ముద్రాలయము దగ్ధమైనపుడు ఆయన తెలుగు వ్యాకరణపు వ్రాతప్రతియు బూడిదయైనది. మరల వ్రాసి 1814లో దానిని వెలువరించెను. తెలుగు క్రొత్త నిబంధన 1818లో అచ్చటనే అచ్చయినది.

1806 నాటి లేఖ యొకటి ఆయన దినచర్యను తెలుపుచున్నది. ఆరు గంటలకు పావుగంట ముందే లేచి, హీబ్రూ బైబిలులో ఒక అధ్యాయము చదివి, ఏడు వఱకు ఏకాంతముగా ప్రార్థించి, పిమ్మట పనివారితో కూడి వంగభాషలో కుటుంబ ప్రార్థన జరిపెను. శ్రీరామపురమున ఆయన ఏకాంత ధ్యానమునకు నెలవు సుమారు 5 ఎకరముల తోటయే.

ఒకమాఱు ఇంగ్లండునుండి మిత్రుడొకడు విత్తనములు పంపెను. ఒక్క గింజయు వ్యర్థము కారాదని కేరీ ఖాళీ సంచిని సైతము నీడపట్టున దులిపెను. కొన్నాళ్లకు అచ్చట డెయిజీ మొలకెత్తెను. ఆయన స్వదేశపు పచ్చికబయళ్లలో కాలితో త్రొక్కి నడచు పువ్వు అది! అచ్చట దానంతటదే ఏండ్లతరబడి బ్రదుకును; వంగదేశమున నట్లు కాదు. ఏటేట గింజలు దాచి మరల విత్తి, కేరీ దానిని నిలుపుకొనెను. ఏ దినపు మన్నాను ఆ దినమే కూర్చుకొనిన ఇశ్రాయేలీయుల కథ ఆయనకు క్రొత్త కాదు. పండితులు ఆయన నిఘంటువులను కొనియాడుదురు గాక. ఆయనను గుర్తించుటకు ఈ పువ్వే మేలు.

1823లో దామోదర నది పొంగి తోటను ముంచివేసెను. అప్పటికి కేరీ 62 ఏండ్లవాడు. జారిపడి మంచము పట్టియుండెను. ఐనను తోట మరల చిగిర్చినది.

1834లో అవసానకాలమున, తాను కదలలేనపుడు తోటమాలినే గదికి పిలిపించుకొని మొక్కల క్షేమము విచారించెడివాడు. తాను పోయినపిదప సహచరుడు మార్ష్‌మన్ తోటలోనికి ఆవులను తోలునేమో యని ఆయనకొక బెంగ. మొక్కలపై తనకంత మక్కువ లేకున్నను, ఆ తోటను కాపాడుట పవిత్రమైన విధిగా నెంచెదనని మార్ష్‌మన్ మాట యిచ్చెను.