చివర వచ్చినవారెవరు?

పల్నాటి వీరచరిత్రలో నలగామరాజు రాజధాని మా గురజాల. అన్ని కులాలనూ ఒకే పంక్తిలో కూర్చోబెట్టిన బ్రహ్మనాయుడి చాపకూడు కూడా ఆ చరిత్రలోదే. ఆ పంక్తి నేటి గనుల హాజరు పట్టీలో కనిపించదు.

మా మాలపల్లెలో నేను బాబాయి అని పిలిచే పెద్దాయన ఒక సున్నపురాయి గనిలో పన్నెండేళ్లు పనిచేశారు. 'పని తగ్గింది' అంటూ ఒక్క మాటతో ఆయనను పంపించేశారు. పరిహారం అడిగితే, కొత్త కాంట్రాక్టరు పుస్తకంలో సర్వీసు ఏడు నెలలే అన్నారు.

ఏడాది నిరంతర సర్వీసు ఉన్న కార్మికుణ్ణి తొలగించాలంటే నెల నోటీసు గానీ నెల వేతనం గానీ ఇవ్వాలనీ, సర్వీసులో ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు వేతనం చెల్లించాలనీ 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం చెప్పింది. చివర చేరినవారినే ముందు తొలగించాలన్నది అందులోని మరో నియమం. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల స్మృతి ఈ సూత్రాలను నిలిపింది. కానీ, తొలగింపునకు ప్రభుత్వ ముందస్తు అనుమతి తప్పనిసరయ్యే కార్మికుల సంఖ్యను 100 నుంచి 300కు పెంచింది.

కాంట్రాక్టరు మారిన ప్రతిసారీ చేరిన తేదీ మారితే, పన్నెండేళ్ల మనిషి ఎప్పటికీ 'చివర వచ్చినవాడే'. శాశ్వత ఉద్యోగుల జాబితాలో ఏ కులాలున్నాయో, కాంట్రాక్టు పుస్తకంలో ఏ కులాలున్నాయో పక్కపక్కన పెట్టి చూడండి. కులాన్ని పేర్కొనని నియమం కులాన్ని ఎలా కాపాడుతుందో తెలుస్తుంది.

కాంట్రాక్టరు మారినా పీఎఫ్ యూఏఎన్ సంఖ్య మారదు. గేటు పాసులు, ఈఎస్ఐ కార్డు, వేతన చీటీలు కూడా సాక్ష్యాలే. విద్యార్థులారా, సెలవుల్లో మీ వాడలోని పెద్దల వద్ద కూర్చుని ఆ కాగితాలను వరుసలో పేర్చండి. వారు మొదట వచ్చినవారని రుజువు చేయడం అక్కడే మొదలవుతుంది.