నీటిపీపా కాని పీపాజెముడు

ఎడారి ప్రయాణముల కథలు చదివినవారికిని, అమెరికా పడమటి సీమల చలనచిత్రములు చూచినవారికిని ఒక దృశ్యము పరిచితమై యుండును. దప్పికచే నాలుక పిడచగట్టిన బాటసారి యిసుకలో తూలుచు నడచుచుండును. ఎదుట పీపావలె గుండ్రనైన ముళ్లమొక్క యొకటి కనబడును. అతడు కత్తితో దాని తల నరికి, లోపలి చల్లని నీటిని దోసిట ముంచుకొని త్రాగి ప్రాణము దక్కించుకొనును. కథకిది చక్కని ముగింపే. కాని నిజముగా ఆ మొక్క తల నరికి చూచినవారికి నీరు కనబడదు. జిగటగా, తెల్లగా, పచ్చి బూడిదగుమ్మడి కండవలె నుండు గుజ్జు మాత్రము కనబడును. ఈ కథను నమ్మి నీళ్లసీసా లేకుండ ఎడారిలో అడుగు పెట్టుట ప్రాణముతో చెలగాటము. ఆ మొక్కలో నీరున్నమాట నిజమే. అది యే రూపమున నున్నది, ఎట్లు చేరినది, ఎవరికొరకు దాచబడినది అనునదియే మన విచారణ.

పీపాజెముళ్లలో జాతులు పెక్కు గలవు. మనము చెప్పుకొనుచున్నది అమెరికా సంయుక్త రాష్ట్రములలోని దక్షిణ ఆరిజోనా, న్యూ మెక్సికో సీమలలోను, టెక్సాస్ పడమటి కొనయందును, మెక్సికో దేశపు సొనోరా, చివావా రాష్ట్రములలోను పెరుగు జాతి. శాస్త్రనామము ఫెరోకాక్టస్ విస్లిజెని. ‘ఫెరో’ యనగా లాటిన్ భాషలో క్రూరమైనదని భావము. దీని ముళ్లను చూచినవారెవరును ఆ పేరును తప్పుపట్టరు.

రెండవ మాట వెనుక ఒక కథ కలదు. విస్లిజెనస్ జర్మనీలో పుట్టి, సెంట్ లూయీ నగరమున స్థిరపడిన వైద్యుడు. 1846లో ఆయన ఒక వర్తకుల బిడారుతో కలిసి సాంటా ఫే మీదుగా చివావాకు ప్రయాణమయ్యెను. ఇంతలో అమెరికాకును మెక్సికోకును యుద్ధము వచ్చెను. చివావా అధికారులు ఆయనను కొండలలోని ఒక చిన్న ఊరిలో నెలలతరబడి నిర్బంధించి యుంచిరి. మరియొకడైనచో చింతతో కుమిలిపోయి యుండును. ఈ వైద్యుడు చుట్టుపట్ల మొక్కలు సేకరించుచు కాలము గడపెను. ఆయన దారి పొడవునను సేకరించి తెచ్చినవానిని ఆయన మిత్రుడు, వృక్షశాస్త్రవేత్త జార్జి ఎంగెల్మన్ పరిశీలించి, 1848లో ఈ పీపాజెముడునకు మిత్రుని పేరు పెట్టెను. 1922లో బ్రిటన్, రోజ్ అను పండితులు దీనిని ఫెరోకాక్టస్ ప్రజాతిలో చేర్చిరి.

ఇక్కడ మన జెముళ్లనుగూర్చి ఒక మాట చెప్పవలెను. ముళ్లును, కండగల కాడయు ఉన్నదానినెల్ల మనము జెముడే యందుము. కాని బొమ్మజెముడు, ఆకుజెముడు, కాడజెముడు ఆముదపు కుటుంబమునకు చెందినవి. గిల్లిన పాలు కారును. నాగజెముడు మాత్రమే నిజమైన కాక్టస్. అదియు అమెరికానుండి మన దేశమునకు వచ్చినదే. కాక్టస్ కుటుంబమునకు తప్పని గుర్తు ఒకటి కలదు. కాడపై అక్కడక్కడ మెత్తని నూగుతో దిండువంటి చిన్న చుక్కలుండును. ముళ్లు, పువ్వులు, కొత్త కొమ్మలు ఆ చుక్కలనుండియే పుట్టును. ఈసారి నాగజెముడు కనబడినప్పుడు చేయి తగులకుండ దగ్గరగా చూచినచో ఈ దిండ్లు స్పష్టముగా కనబడును.

పీపాజెముడు సాధారణముగా కొమ్మలు వేయదు. ఒకే కాడ రెండు మొదలు నాలుగు అడుగుల ఎత్తు పెరుగును. అరుదుగా పది అడుగులను అందుకొనును. లావు ఒకటిన్నర, రెండు అడుగులు. పైనుండి క్రిందికి ఇరువది మొదలు ముప్పదివరకు నిలువుగట్లు తీరి యుండును. ఈ గట్లు అలంకారము కొరకు కాదు. హార్మోనియము తిత్తిని తలచుకొనుడు. గాలి నిండినప్పుడు మడతలు విచ్చును, వెడలినప్పుడు ముడుచుకొనును. అట్లే వాన పడి నీరు చేరగానే గట్ల నడుమ లోయలు విచ్చుకొని కాడ ఉబ్బును. కరువుకాలమున మడతలు దగ్గరపడి సన్నగిల్లును. చర్మము చిట్లదు. మడతలు లేని గుండ్రని కాడ ఇట్లు ఉబ్బి తగ్గజాలదు.

ఆకులు లేవు. ఆకు చేయవలసిన పని ఆకుపచ్చని కాడయే చేయును. ఆకులు లేనందున ఎండకు తగులు వైశాల్యము తగ్గినది. పైన దళసరి చర్మము, దానిపై మైనపు పూత. లోపలి గుజ్జులోని జిగురు నీటిని పట్టియుంచును. కనుకనే నరికినను నీరు కారదు. ఆ నీరు లక్షలాది కణములలో విడివిడిగా బంధింపబడి యున్నది.

నీరు ఎట్లు చేరునో తెలిసికొనుటకు దీని దాయాదియైన మరియొక పీపాజెముడు సాక్ష్యమిచ్చును. అది కాలిఫోర్నియా ఎడారిలో పెరుగునది. పార్క్ నోబెల్ అను శాస్త్రజ్ఞుడు దానిని స్వస్థలముననే పరిశీలించి 1977లో ఫలితములు ప్రకటించెను. ఎడారి మొక్కల వేళ్లు పాతాళమువరకు పోవునని మన ఊహ. ఈ మొక్క వేళ్ల సగటు లోతు 8 సెంటీమీటర్లు, అనగా మూడు అంగుళములకు కొంచెము పైన. ఎడారి వాన నేలలోనికి ఎక్కువ దిగదు, దిగకమునుపే అందుకొనవలెను. వాన కురిసిన 24 గంటలలో ఆ వేళ్లు పని ప్రారంభించును.

తెచ్చిన నీటిని ఖర్చు చేయు తీరు ఇంకను వింతైనది. మొక్కలు బొగ్గుపులుసు వాయువును పీల్చుటకు పత్రరంధ్రములను తెరువవలెను. తెరచినచో నీటియావిరి బయటకు పోవును. తక్కిన మొక్కలు పగటివేళ తెరచును. పీపాజెముడు పగలంతయు తలుపులు బిగించుకొని, రాత్రి చల్లబడిన తరువాత తెరచును. పీల్చిన వాయువును ఆమ్లరూపమున దాచి, తెల్లవారి ఎండ వచ్చిన పిదప, మూసిన తలుపుల వెనుక, దానితో పిండిపదార్థము తయారుచేసికొనును. చీకటిలో వాయువును గ్రహించుటకు నోబెల్ పరిశీలించిన జాతికి మిక్కిలి అనుకూలమైన ఉష్ణోగ్రత 12.6 డిగ్రీల సెంటిగ్రేడు. మండుటెండకు ప్రతీకగా మనము చెప్పుకొను మొక్క చల్లని రాత్రులను కోరుచున్నదన్నమాట! ఏడాది మొత్తముమీద ఒక పాలు వాయువును గ్రహించుటకు అది 70 పాళ్ల నీరు మాత్రమే వెచ్చించెను. సాధారణ మొక్కలకు వందల పాళ్లు కావలెను.

నేల పూర్తిగా ఆరిపోయి వేళ్లకు చుక్క నీరు అందని స్థితి వచ్చినను, కాడలోని నిల్వతో ఇంచుమించు 40 దినములు రాత్రివేళల రంధ్రములు తెరచుకొనుచునే యుండెను. కరువు ఏడు నెలలు సాగినప్పుడు మాత్రము తెరచుట మానివేసినవి. మొక్క చావలేదు, తలుపులు మూసికొని వానకై ఎదురుచూచినది.

ఇంత పొదుపునకు చెల్లించు మూల్యము ఎదుగుదల. నోబెల్ లెక్క ప్రకారము 34 సెంటీమీటర్ల ఎత్తుగల మొక్క వయస్సు సుమారు 26 సంవత్సరములు. మూరెడైన లేని మొక్క పెండ్లీడు వచ్చిన మనిషి వయస్సుగలది! కథలోని బాటసారి ఒక్క కత్తివేటుతో నరికినది ఎన్నేండ్ల కూడికయో దీనినిబట్టి ఊహింపవచ్చును.

మన విస్లిజెని జాతికి ప్రత్యేకచిహ్నము నడిమి ముల్లు. దాని కొన చేపల గాలమువలె వంగియుండును. చుట్టును సన్నని ముళ్లు అల్లుకొని యుండును. ముళ్లు పశువులనుండి కాచుటయే కాక, లేతగానుండు శిరోభాగమునకు ఎండనుండియు చలినుండియు మరుగు కల్పించును. శిరస్సునందే తేనె నూరు చిన్న గ్రంథులు గలవు. ఈ తేనె పూవులది కాదు, చీమలకిచ్చు జీతము. తేనెకై వచ్చిన చీమలు మొక్కను తిను పురుగులను తరిమివేయును. అయితే కాపలావాడు మరీ కోపిష్ఠియైనచో చుట్టములును గడప తొక్కరు కదా! మిక్కిలి దూకుడుగల చీమజాతి కాపలాయున్న మొక్కలకు పరాగము తెచ్చు తేనెటీగలు రాక తగ్గినదని 2006లో ప్రకటితమైన ఒక పరిశోధన తెలిపినది.

పూవులు వేసవివానల కాలమున, జూలై మొదలు సెప్టెంబరువరకు, తలపై కిరీటమువలె వలయముగా పూయును. నారింజ, ఎరుపు, పసుపు వన్నెలవి. పెద్ద మొక్కలు దక్షిణ దిక్కుకో నైరృతికో ఒరుగును. అందుచే దిక్సూచి జెముడని దీనికి మరియొక పేరు. ఎండ సోకు ప్రక్క పెరుగుదల మందగించి నీడప్రక్క త్వరగా పెరుగుటచే ఒరుగునని కొందరును, శిరస్సు సూర్యునివైపు తిరిగిన పూమొగ్గలకు వెచ్చదనము లభించునని కొందరును చెప్పుదురు. దారి తప్పినవాడు దీనినే నమ్ముకొనుట మంచిది కాదు. అన్ని మొక్కలును ఒరుగవు. మరీ ఒరిగిన ముసలి మొక్క వాన కురిసి నేల మెత్తబడినప్పుడు తన బరువునకే వేళ్లతో పెల్లగిలి పడిపోవుటయు కలదు.

ఇక దప్పికగొన్న బాటసారి సంగతి. కథకు మూలము బొత్తిగా లేకపోలేదు. సొనోరా తీరమున నివసించు సెరీ జాతివారును, ఆరిజోనా ఎడారి ప్రజలైన ఓధమ్ జాతివారును గత్యంతరము లేనప్పుడు ఈ మొక్క తల కోసి, గుజ్జును కర్రతో దంచి, పిండి, ఆ రసమును త్రాగిన మాట వాస్తవము. కాని వారు తరతరములుగా ఆ నేలను ఎరిగినవారు. ఏ పీపాజెముడు రసము త్రాగవచ్చునో, ఏది వికారము పుట్టించునో వారికి తెలియును. పైకి ఒకేవిధముగా కనబడు పొరుగు జాతులలో చేదును, ఆమ్లములును ఎక్కువ. వాని రసము త్రాగినవానికి కడుపునొప్పి, వాంతులు పట్టి, ఒంటిలో మిగిలిన నీరు కూడ పోవును. మంచి జాతియే దొరికినను, ముళ్లపీపాను మండుటెండలో నరికి దంచుటకు కారు చెమట తక్కువది కాదు.

దప్పికకంటె మిఠాయియే ఈ మొక్కకు ఎక్కువ కీడు చేసినది. ఉత్తరదేశమున బూడిదగుమ్మడితో పేఠా చేయునట్లు, అక్కడ పీపాజెముడు కండను ముక్కలు కోసి పంచదార పాకములో ఉడికించి మిఠాయిగా అమ్మిరి. ఇండ్లముందు అందముకొరకు త్రవ్వి తీసికొనిపోయినవారును పెక్కుమంది. నేడు ఆరిజోనాలో అనుమతి లేక వీనిని పెకలించుట చట్టవిరుద్ధము. కాక్టస్ కుటుంబము ఇంచుమించు మొత్తము అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణలో నున్నది.

పండ్ల విషయమున ఇట్టి చిక్కు లేదు. పసుపుపచ్చగా, చిన్న అనాసవలె కనబడు ఈ పండ్లకు ముళ్లుండవు. నెలలతరబడి మొక్క తలపైననే నిలిచియుండును. రుచి పుల్లన. లోపల నల్లని గింజలు నిండి యుండును. జింకలు, పక్షులు, పందిని పోలిన జావెలీనాలు వీనికై వచ్చును. ఓధమ్ ప్రజలు గింజలను ఆహారముగా వాడిరి. నేల రాలిన గింజలలో అధికభాగము చీమలకును ఎలుకలకును పోవును. మిగిలినవానిలో ఏ రాతిచాటుననో, గడ్డిదుబ్బు నీడనో మొలచిన మొక్కకు మొదటి వేసవి గండము. తొలి యెండలు ముదురకమునుపే తగిన నీరు కాడలో చేర్చుకొన్నది బ్రతుకును. వానలు చాలని యేడు మొలచిన మొలకలలో ఒక్కటియు మిగులకపోవచ్చును.