గుర్రాలెన్ని? దాణా ఎంత?

మీకు తెలుసా? గుర్రానికి ఉండేది ఒక్క గుర్రం బలం కాదు! మంచి ఊపుమీదున్న గుర్రం కొన్ని క్షణాలపాటు దాదాపు 15 హార్స్‌పవర్ చూపించగలదని 1993లో ‘నేచర్’ పత్రికలో లెక్కగట్టారు. రంపచోడవరం రోడ్ల మీద తిరిగే స్ప్లెండర్ బండికి ఉన్నది 8. అంటే బండి మొత్తం కలిపినా గుర్రంలో సగమే. ఇక చెప్పుకోండి, ఎవరి పేరు ఎవరికి పెట్టారో!

సరే, ఆ 8 గుర్రాలకు దాణా ఎంతో మీకు తెలుసా? యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పేస్తే నిమిషానికి సుమారు 42 మి.లీ. పెట్రోలు. ఒక్కో గుర్రానికి నిమిషానికి 5 మి.లీ. చిల్లర. ఇంజన్‌కు పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు, దాన్ని తోసే పంపు ఎంచే విద్యంతా ఈ ఒక్క లెక్కలోనే ఉంది. గాలిని నొక్కి కూరే టర్బో బిగిస్తే మాత్రం గుర్రానికి 6, 7 మి.లీ. అడుగుతుంది. బలిసిన గుర్రానికి ఆకలెక్కువ!

ఆ 42 మి.లీ. ఎన్ని ముక్కలుగా పడుతుందో తెలుసా? బండి నిమిషానికి 8000 చుట్లు తిరిగితే ఇంజెక్టర్ 4000 సార్లు చిమ్ముతుంది. ఒక్క చిమ్ముకి 0.01 మి.లీ.! మందుల డ్రాపర్‌లోంచి రాలే చుక్కలో ఐదో వంతన్నమాట. బంకులో చివరి చుక్క పడేదాకా పైపు దులిపే పెద్దమనిషిని ఇకపై నవ్వకండి. ఆయన ఐదు చిమ్ములు వెనకేసుకుంటున్నాడు.

మన దేశంలో తొలి ఇంజెక్షన్ మోటార్‌సైకిల్ 2006లో వచ్చిన హీరో హోండా గ్లామర్ ఎఫ్‌ఐ అని మీకు తెలుసా? అప్పట్లో కొన్నవాళ్లు తక్కువ. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 పొగ నిబంధన వచ్చేసరికి ‘వద్దు’ అనడానికి దాదాపు వీల్లేకుండా పోయింది. చాలా కొత్త బళ్లలో గాలిలో పెట్రోలు కలిపే పాత కార్బొరేటర్‌కు రిటైర్మెంటు. స్క్రూడ్రైవర్‌తో ‘కొంచెం ట్యూనింగ్ పెడతా’ అనే మెకానిక్ చెయ్యి ఇప్పుడు దేన్ని తిప్పాలి?

ఒక క్విజ్. 100 హార్స్‌పవర్, నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజన్. ఒక్కో ఇంజెక్టర్ నిమిషానికి ఎంత పోయాలి? మొత్తం 525 మి.లీ., నాలుగుతో భాగిస్తే 131. తప్పు! ఇంజెక్టర్ రోజంతా నోరు తెరుచుకుని కూర్చోలేదు. దానికి నూటికి ఎనభై వంతుల పనే చెప్పాలి. కాబట్టి 164 మి.లీ.ది కొనాలి. 131ది కొన్నవాళ్లకు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు గుర్రాలు కనబడవు, వర్క్‌షాపు బిల్లు కనబడుతుంది.

పోనీ, రెండింతలు పెద్దది పెట్టేస్తే? ఇంజెక్టర్ తెరుచుకోవడానికే సుమారు ఒక మిల్లీ సెకను పడుతుంది. ట్రాఫిక్‌లో బండి నిలబడి ఉన్నప్పుడు కావలసింది మరీ చిటికెడు. పెద్ద ఇంజెక్టర్‌కు చిటికెడు పోయడం చేతకాదు. ఫలితం: ఐడిల్‌లో దడదడ, వెనక నల్లపొగ, ముందు ఖాళీ పర్సు.

మీకు తెలుసా? పెట్రోలు ప్రెషర్ రెండింతలు చేస్తే ఇంజెక్టర్ పోసేది రెండింతలు కాదు, 41 శాతమే ఎక్కువ! 3 బార్ నుంచి 6 బార్‌కు ఎక్కించి సంబరపడేవాళ్లకు వర్గమూలం చేసే మోసం ఇది. పైగా ప్రెషర్ పెరిగేకొద్దీ పంపు పోసేది తగ్గుతుంది. ఇటు లాభం, అటు నష్టం!

పంపు సంగతి? 100 గుర్రాలకు గంటకు 31.5 లీటర్లు. జాగ్రత్తపరులు 40ది కొంటారు. లోకమంతా వాడే వాల్‌బ్రో 255 పంపు పేరులోని అంకె గంటకు పోసే లీటర్లే. టర్బో ఇంజన్లకు దాన్ని 500 గుర్రాల దాకా నమ్ముతారు. కానీ ఆ అంకె బ్యాటరీ వోల్టేజి బాగున్నంతసేపే. వైరింగ్ అరిగి వోల్టేజి తగ్గిందా, అట్టపెట్టె మీది 255 అట్టపెట్టె మీదే ఉంటుంది.

ఇప్పుడు గుండె పట్టుకోండి. చాలా పెట్రోలు కార్లలో పంపు ఉండేది ట్యాంకు లోపల, పెట్రోల్లో మునిగి! దాని మోటారులోని బ్రష్షుల దగ్గర రవ్వలు కూడా లేస్తాయి. మరి పేలదేం? మునిగినచోట గాలి లేదు, గాలి లేనిదే మంట లేదు. తాళం తిప్పగానే వెనకసీటు కింద రెండు సెకన్లు ‘గుయ్‌’మనే చప్పుడు ఆ పంపుదే. దాన్ని చల్లబరిచేదీ పెట్రోలే. అందుకే ట్యాంకు అడుగంటాక మారేడుమిల్లి ఘాట్ ఎక్కకండి. మలుపులో పెట్రోలు ఓ మూలకు పరుగెత్తితే పంపు గాలి తాగుతుంది, మీరు నడుస్తారు.

నేషనల్ హైవే 516ఇ రంపచోడవరం నుంచి చింతపల్లి, పాడేరు మీదుగా అరకు వెళ్తుంది. ఆ దారిలో గుర్రాలు రాలిపోతాయని మీకు తెలుసా? అరకు సుమారు 900 మీటర్ల ఎత్తు. గాలి పల్చబడి, టర్బో లేని ఇంజన్ పదో వంతు బలం పోగొట్టుకుంటుంది. 100 గుర్రాలతో బయల్దేరితే చేరేవి 90. మిగతా పదీ కాఫీ తోటల్లో ఆగిపోయాయేమో!

ఇక డీజిల్. మామూలు ఆయిల్ ఇంజన్ నాజిల్ సుమారు 200 బార్ దగ్గర తెరుచుకుంటుంది. అంత ఒత్తిడి నీళ్లతో పుట్టించాలంటే 2000 మీటర్ల ఎత్తు నీటిస్తంభం కావాలి. తూర్పు కనుమల్లో అన్నిటికన్నా ఎత్తయిన జిందగడ శిఖరం 1690 మీటర్లే! కొత్త కామన్ రైల్ పంపుల్లో 2500 బార్ దాకా వెళ్లినవి ఉన్నాయి. ఎవరెస్టు మీద ఎవరెస్టు పెట్టినా చాలదు. (టెస్టింగ్‌లో నాజిల్ ముందు చెయ్యి పెట్టకండి. ఆ సన్నటి ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. తర్వాత ఆపరేషనే. దీనికి జోకు లేదు.)

‘మైకో పంపు’ అనని డీజిల్ మెకానిక్ ఉన్నాడా? 1951లో బెంగళూరులో మొదలైన ఆ మైకో కంపెనీ 2008లో పేరు మార్చుకుని బాష్ అయింది. మన మెకానిక్‌లకు కబురు ఇంకా అందినట్టు లేదు!

ఆ పంపులో డీజిల్‌ను తోసే ప్లంజర్‌కూ అది ఆడే బ్యారెల్‌కూ మధ్య సందు ఎంతో తెలుసా? మిల్లీమీటరులో వెయ్యో వంతులు రెండో మూడో. మన వెంట్రుక మందం దాదాపు 70. ఈ బ్యారెల్ ప్లంజర్ ఆ బ్యారెల్‌కు నప్పదు. జోడీ విడదీస్తే పంపు పాడు!

పంపు స్క్రూ బిగించి దాణా పెంచితే బలం పెరుగుతుందా? గాలి ఉన్నంత మేరకే. మిగతాది నల్లపొగ. వెనకున్న ఆటోవాడికి మీ హార్స్‌పవర్ ముక్కులో తెలుస్తుంది.

1900 పారిస్ ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజన్ వేరుశనగ నూనెతో నడిచిందని మీకు తెలుసా? పక్కన మిరపకాయ బజ్జీలు వేశారో లేదో చరిత్ర చెప్పలేదు.

విశాఖ షెడ్డులో ఒకప్పుడు ఉన్న డబ్ల్యూడీఎం-2 రైలింజన్‌కు 2600 గుర్రాలు, 16 సిలిండర్లు. ఇంజెక్షన్ పంపులెన్ని? ఒక్కటి కాదు, 16! సిలిండర్‌కొకటి. ఎవరి వంట వారిదే.

అన్నిటికన్నా నాకు నచ్చింది ఒక వాషర్ కథ. రెండో ప్రపంచ యుద్ధంలో, 1940లో బ్రిటన్ స్పిట్‌ఫైర్ విమానాల మెర్లిన్ ఇంజన్లకు కార్బొరేటర్లు, జర్మన్ల డీబీ 601 ఇంజన్లకు ఇంజెక్షన్. ముక్కు కిందికి దించి ఒక్కసారిగా దూకితే బ్రిటిష్ ఇంజన్ ముందు ఎండి, ఆపైన పెట్రోల్లో మునిగి దగ్గేది. జర్మన్ విమానం మాత్రం దూకి చక్కా పోయేది. బియాట్రిస్ షిల్లింగ్ అనే ఇంజనీరు ఏం చేసిందో తెలుసా? పూర్తి బలానికి ఎంత పెట్రోలు కావాలో అంతే పోయేంత రంధ్రంతో చిన్న ఇత్తడి బిళ్ల తయారుచేసి, 1941లో స్క్వాడ్రన్ల వెంట తిరిగి బిగించింది. మునగడం తగ్గింది! ఈవిడ మోటార్‌సైకిల్ రేసర్ కూడా. 1934లోనే గంటకు 100 మైళ్లు దాటి బ్రూక్‌లాండ్స్‌లో రేసు ట్రాక్ మీద గోల్డ్ స్టార్ బ్యాడ్జీ కొట్టింది. కాబోయే భర్తకూ ఆ స్టార్ వస్తేనే పెళ్లి అందని చెప్పుకుంటారు. కట్నం అంటే అదీ!

ఎమ్మా మేర్స్క్ ఓడ ఇంజన్‌కు దాదాపు 1,09,000 గుర్రాలు. సిలిండర్‌లో ఒక్కసారి పడే ఇంధనం సుమారు 160 గ్రాములు. మన స్ప్లెండర్ చిమ్ముకి పదిహేను వేల రెట్లకు పైనే!

డ్రాగ్ రేసుల టాప్ ఫ్యూయెల్ కారు పంపు నిమిషానికి దాదాపు 380 లీటర్లు తోస్తుంది. 200 లీటర్ల డ్రమ్ము అర నిమిషంలో ఖాళీ. రేసు నాలుగు సెకన్లలోపే అయిపోతుంది, లేకపోతే యజమాని అయిపోతాడు.

ఆఖరిది. చంద్రుడి మీదికి మనుషుల్ని పంపిన శాటర్న్-5 రాకెట్ ఎఫ్-1 ఇంజన్ తాగింది శుద్ధిచేసిన కిరసనాయిలే! ఒక్కో ఇంజన్‌కు సెకనుకు దాదాపు 970 లీటర్లు. దాన్నీ, దాన్ని మండించే ద్రవ ఆక్సిజన్‌నూ తోడాలంటే పంపుకే 55,000 హార్స్‌పవర్ కావాల్సి వచ్చింది. అంటే ఇంజన్‌కు సరిపడా పంపు వెతికాక, ఆ పంపును తిప్పడానికి ఇంకో ఇంజన్ వెతకాలి. దానికి మళ్లీ పంపు...? అక్కడ ఆపేశారు లెండి. అదే కిరసనాయిల్లో కాస్త మండించి, ఆ వేడి వాయువులతోనే పంపు తిప్పించారు!