పుట్టుమచ్చ కాదు... పిడుదు!

మీ మనవడి చెవి వెనక పుట్టుమచ్చ ఉందా? ఉంటే, నిన్న కూడా ఉందా?

ఇదేం ప్రశ్న అనుకోకండి. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం నుంచి ఒక తెలుగు తల్లి రాసిన ఉత్తరం చదివాక, మీలో చాలామందిని ఈ మాట అడగాలనిపించింది. మన ఊళ్ళలో వీధికొక ఇంట్లోనైనా కొడుకో కూతురో అమెరికాలో ఉంటున్నారు. వేసవి వచ్చిందంటే మనవల్ని చూసుకోవడానికి పెట్టె సర్దుకునే అమ్మమ్మలూ, నాయనమ్మలూ ఉండనే ఉన్నారు. పచ్చళ్ళూ, పొడులూ, బీపీ మాత్రలతో పాటు ఈ సంగతి కూడా సర్దుకు వెళ్ళండి.

విస్కాన్సిన్, మిన్నెసోటా, ఇల్లినాయ్, మిచిగన్ మొదలైన రాష్ట్రాలను కలిపి మిడ్‌వెస్ట్ అంటారు. మనకు ఎండాకాలం వేరు, వానాకాలం వేరు. అక్కడ రెండూ కలిసే వస్తాయి. ఏడాదిలో కురిసే వానలో పెద్ద భాగం మే నుంచి ఆగస్టు లోపలే కురుస్తుంది. బళ్ళకు సెలవులూ అప్పుడే. ఇక ఆ తల్లి అవస్థ ఊహించండి.

ఆమెకు తొమ్మిదేళ్ళ అమ్మాయి, ఆరేళ్ళ అబ్బాయి. భర్త పొద్దున్నే ఆఫీసుకు వెళ్ళిపోతాడు. ఆమె భోజనాల బల్ల మీదే కంప్యూటరు పెట్టుకుని ఇంటినుంచి ఉద్యోగం చేస్తుంది. తెనాలి నుంచి తల్లి వచ్చి ఉంది కనుక సరిపోయింది. జూన్‌లో బడి మూసిన రోజు పట్టుకున్న వాన వదలలేదట. గుమ్మంలో తడి బూట్లు, కుర్చీల మీద ఆరని మేజోళ్ళు, నేలమాళిగ నుంచి ముక్క వాసన. పిల్లలు కారమ్స్ ఆడి, కాయిన్ల కోసం కొట్టుకుని, అమ్మమ్మ చేత పకోడీలు వేయించుకుని, మళ్ళీ కొట్టుకునేవారు. "వాన ఒక్క అరగంట వెలిస్తే చాలు, పొండర్రా బయటికి అని నేనే తరిమేదాన్ని" అని రాసింది. తరమక ఏం చేస్తుంది? ఇంటి వెనకే చెట్లతోపు. తడి ఆరక గడ్డి కోయించలేదు, మోకాలెత్తు పెరిగింది.

ఒక ఆదివారం అమ్మమ్మ మనవడికి తలంటుతూ, చెవి వెనక వేలికి ఏదో తగిలి ఆగింది. నల్లటి గసగసం గింజంత చుక్క. "వీడికిక్కడ పుట్టుమచ్చ ఉందటే?" అంది. కళ్ళజోడు పెట్టుకుని చూస్తే ఆ చుక్కకు కాళ్ళున్నాయి!

పిడుదు. మన గేదె చెవుల్లో, కుక్క మెడ కింద కనబడే పిడుదు జాతే. ఆమె వెంటనే దేవుడి గదిలోంచి అగరొత్తి తెచ్చి అంటించబోయింది. కూతురు చెయ్యి పట్టుకుని ఆపి, కనుబొమలు దిద్దుకునే సన్నని పట్టకారుతో పట్టి లాగేసింది. పిల్లాడికి ఏమీ కాలేదు.

కథ అంతటితో అయిపోతే ఆ ఉత్తరం నాదాకా వచ్చేది కాదు. తొమ్మిది రోజుల తర్వాత అమ్మాయి మోకాలి వెనక కమిలినట్టు ఒక మచ్చ కనబడింది. దోమ కుట్టిందనుకుని అమ్మమ్మ పసుపు రాసింది. మర్నాడు మళ్ళీ రాసింది. అమ్మాయికి ఒళ్ళు నొప్పులు, కాస్త జ్వరం. పొద్దెక్కినా లేవకపోతే, వానకు విసుగెత్తి పడుకుందనుకున్నారు. నాలుగో రోజు స్నానంలో పసుపు పోయాక చూస్తే మచ్చ అరచేయంత అయింది. డాక్టరు చూసిన వెంటనే లైమ్ వ్యాధి అని చెప్పి మందు మొదలుపెట్టాడు. పిల్ల కోలుకుంది.

"తమ్ముడి ఒళ్ళు చూసిన రోజే దాని ఒళ్ళూ చూడాలని నాకెందుకు తోచలేదు? తొమ్మిదేళ్ళది, దాని స్నానం అదే చేస్తుంది కదా అనుకున్నాను. తప్పు నాదేనా డాక్టరుగారూ?" అని ఆ తల్లి అడిగింది.

కాదమ్మా. ఆ పురుగు కుట్టినట్టే తెలియదు. నొప్పి ఉండదు, దురద పెద్దగా ఉండదు. తెలియని దాన్ని చూడలేదని మిమ్మల్ని మీరు నిందించుకోకండి. కాని ఇప్పుడు తెలిసింది కనుక మీరూ, ఈ పేజీ చదువుతున్నవారూ ఇకమీదట చూడాలి.

లైమ్ అంటే నిమ్మకాయా కాదు, సున్నమూ కాదు. అమెరికా తూర్పు తీరంలో కనెక్టికట్ రాష్ట్రంలోని ఒక ఊరి పేరు. 1975లో ఆ ఊళ్ళో చాలామంది పిల్లలకు మోకాళ్ళు వాచి నడవలేకపోతుంటే, ఇంతమందికి ఒకేసారి కీళ్ళవాతమేమిటని పట్టుబట్టి ఆరోగ్యశాఖకు ఫోను చేసినవారు ఇద్దరు తల్లులే. నిజానికి అలాంటి మచ్చను అంతకు ముందే, 1970లో, విస్కాన్సిన్‌కు చెందిన ఒక చర్మవైద్యుడు వేటకు వెళ్ళిన ఒక మనిషి ఒంటిమీద చూసి వైద్యపత్రికలో రాశాడు. దాని వెనకనున్న సూక్ష్మజీవిని విలీ బర్గ్‌డోర్ఫర్ అనే శాస్త్రవేత్త పిడుదు పొట్టలో కనిపెట్టాడు. అది 1982లో లోకానికి తెలిసింది.

ఈ జబ్బు తెచ్చేది జింక పిడుదు. పెద్దది నువ్వుగింజంత ఉంటుంది. పిల్ల పిడుదు గసగసం గింజంతే, ఎక్కువ ప్రమాదం దీనితోనే. అడవి ఎలుకల నెత్తురు తాగినప్పుడు దానికి సూక్ష్మజీవి అంటుతుంది. ఇది ఎగరలేదు, దూకలేదు. గడ్డి పరక చివర కాళ్ళు చాపుకుని కూర్చుని, ఆనుకుని పోయేవారిని పట్టుకుంటుంది. పొడి ఎండ దీనికి గిట్టదు, ఎండిపోయి చస్తుంది. తడి ఉంటే హాయిగా బతుకుతుంది. వానలు పడే వేసవి పిల్లలకు విసుగు, దీనికి పండగ.

ఊరట కలిగించే మాట ఒకటుంది. పిడుదు పట్టుకున్నంత మాత్రాన జబ్బు రాదు. సూక్ష్మజీవి మన ఒంట్లోకి దిగడానికి సాధారణంగా 24 గంటలకు పైగా పడుతుంది. అంటే ప్రతి సాయంత్రం ఒళ్ళు చూస్తే చాలావరకు గండం గడిచినట్టే.

ఎక్కడ చూడాలి? తలలో, చెవుల వెనక, చంకల్లో, బొడ్డులో, నడుం చుట్టూ, గజ్జల్లో, మోకాళ్ళ వెనక. బయటినుంచి వచ్చిన రెండు గంటల లోపల స్నానం చేయించండి. విడిచిన బట్టలు ఉతికే ముందు ఆరబెట్టే యంత్రంలో గట్టి వేడి మీద పది నిమిషాలు తిప్పితే వాటిలో దాగినవి చస్తాయి. తడి బట్టలైతే ఇంకాస్త సేపు తిప్పాలి. ఎదిగిన ఆడపిల్ల సిగ్గుపడితే బలవంతం చేయకండి. అద్దం ఇచ్చి ఎక్కడెక్కడ చూసుకోవాలో నేర్పండి, వీపూ మోకాళ్ళ వెనకా మీరు చూడండి. తలంటు మన ఇళ్ళలో మంచి అలవాటు. కాని అది వారానికొకసారి, ఈ పురుగుకు ఒక్క రోజు చాలు.

కనబడితే కంగారు పడకండి. సన్నని మొన గల పట్టకారుతో చర్మానికి వీలైనంత దగ్గరగా పట్టుకుని, మెలి తిప్పకుండా నిలువుగా, నిదానంగా లాగండి. తర్వాత సబ్బు నీళ్ళతో కడగండి. అగరొత్తి, అగ్గిపుల్ల, కిరసనాయిలు, వాజ్‌లైన్, గోళ్ళరంగు - ఇవేవీ వద్దు. ఒళ్ళు కాలడం అటుంచి, బెదిరిన పిడుదు నోట్లోని విషద్రవాన్ని లోపలికి కక్కే ప్రమాదముంది. నోటి ముక్క చర్మంలో మిగిలిపోతే సూదితో కెలకకండి, దానంతటదే పోతుంది. పురుగును ఒక చిన్న సీసాలో వేసి తారీఖు రాసి ఉంచి, డాక్టరుకు ఫోను చేయండి. తీసిన 72 గంటల లోపల అయితే, అవసరమనుకున్నచోట ఒకే ఒక్క మోతాదు డాక్సీసైక్లిన్ ఇచ్చి ఊరుకుంటారు.

ఇక మచ్చ సంగతి. కుట్టిన 3 నుంచి 30 రోజుల లోపల, నూటికి డెబ్భై మందికి పైగా ఇది కనబడుతుంది. పుస్తకాల్లో తెల్లవాళ్ళ చర్మం మీద ఎర్రటి వలయం, మధ్యలో మరో చుక్క ఉన్న బొమ్మ వేస్తారు. ఆ బొమ్మనే నమ్ముకుంటే మోసపోతాం. చాలామందికి వలయం ఏర్పడదు. మన చామనఛాయ ఒంటిమీద ఎర్రగా కనబడదు, కమిలిన దెబ్బలాగో, నలుపు తిరిగిన మరకలాగో ఉంటుంది. రంగు చూడకండి, పెరుగుతోందా లేదా చూడండి. పెన్నుతో మచ్చ అంచున గీత గీసి, పక్కన తారీఖు వేయండి. మర్నాటికి గీత దాటిందా, డాక్టరు దగ్గరకు వెళ్ళాల్సిందే. పసుపు మంచిదే, కాదనను. కాని అది మచ్చను కప్పేస్తుంది. తేలేదాకా ఏమీ రాయకండి.

మొదటి వారాల్లో రక్తపరీక్షలో ఏమీ తేలకపోవచ్చు. మచ్చ చూసే డాక్టరు వైద్యం మొదలుపెడతాడు. డాక్సీసైక్లిన్ గాని, అమాక్సిసిలిన్ గాని 10 నుంచి 14 రోజులు వాడితే చాలావరకు నయమవుతుంది. అశ్రద్ధ చేస్తే కొందరికి ముఖం ఒక పక్కకు జారుతుంది, గుండె కొట్టుకోవడంలో తేడా వస్తుంది, నెలల తర్వాత మోకాలు వాస్తుంది.

దోమల మాట కూడా ఒకటి. వాన వెలిసిన వారం మీదపడే దోమలు రక్తం తాగుతాయి గాని జబ్బులు తేవడం తక్కువ. మూలనున్న పాత టైరులో, చెట్టు తొర్రలో నిలిచిన నీళ్ళలో పుట్టి పట్టపగలు కుట్టే దోమ వేరు. విస్కాన్సిన్‌లోని లా క్రాస్ ఊరి ఆస్పత్రిలో 1960లో ఒక పసిపిల్ల మెదడువాపుతో చనిపోయింది. ఆ వైరస్‌కు ఆ ఊరి పేరే పెట్టారు. మెదడువాపు ఎలాంటిదో మనవాళ్ళకు వేరే చెప్పాలా? టైర్లు తీయించండి, నీళ్ళు పారబోయండి. ఒంటికి డీట్ ఉన్న మందు రాస్తే దోమలూ, పిడుదులూ రెండూ దూరంగా ఉంటాయి. రెండు నెలలు నిండని పసివాళ్ళకు మాత్రం వద్దు. నేలమాళిగలో నీరు చేరితే ఒకటి రెండు రోజుల లోపల ఆరబెట్టండి, లేకపోతే బూజు పట్టి ఉబ్బసం పిల్లలను బాధిస్తుంది.

పెద్దవాళ్ళకూ ఒక మాట. ఉదయం నడకకు వెళ్ళినప్పుడు దారి మధ్యన నడవండి, చీర కుచ్చెళ్ళు, పంచె అంచులు గడ్డిని రాసుకోకుండా చూసుకోండి. అన్నిటికన్నా ముఖ్యం, తిరిగి వచ్చాక మోకాలు వాచినా, జ్వరం వచ్చినా, ఇక్కడి డాక్టరుకు వేసవిలో ఎక్కడ ఉన్నారో ముందే చెప్పండి. ఈ జబ్బు మన ఊళ్ళలో కనబడేది కాదు కనుక, మీరు చెప్పకపోతే ఆయనకు తట్టదు.

ఆ తల్లి ఉత్తరం చివర ఒక వాక్యం చేర్చింది. ఇప్పుడు రోజూ సాయంత్రం అమ్మాయే టార్చిలైటు పట్టుకుని తమ్ముడి చెవులూ, అమ్మమ్మ చీలమండలూ వెతుకుతోందట. "కదలకు అమ్మమ్మా" అని గద్దిస్తుందట కూడా.