ఇసుక కింద తియ్యటి నీళ్ళు

మాది బాపట్ల వైపు సముద్రపుటొడ్డు పల్లె. మా ఇసుకలో వేరుశనగా కూరగాయలూ పండుతాయంటే హాస్టల్లో మిత్రులు నమ్మరు. "ఉప్పునీళ్ళు పోసి పెంచుతారా?" అని ఒకడు వేళాకోళం చేశాడు. మేము పోసేది దొరువు నీళ్ళు. ఇసుకలో గుంట తవ్వితే మంచినీరు ఊరుతుంది, అదే దొరువు. మా తాతగారు కడవలతో ముంచి పోసేవారట.

ఇందులో మాయేమీ లేదు, ఫిజిక్సే. ఇసుకలో ఇంకిన వాననీరు తేలిక కనుక కిందనున్న ఉప్పునీటి మీద తేలుతుంది. మంచినీటి సాంద్రత 1.000, సముద్రపునీటిది సుమారు 1.025. ఈ కాస్త తేడా వల్లనే, మంచినీటి మట్టం సముద్రమట్టానికి 1 అడుగు ఎత్తున ఉంటే దాని కింద సుమారు 40 అడుగుల దాకా మంచినీరే ఉంటుందని గైబెన్, హెర్జ్‌బర్గ్ లెక్క. దీన్నే తిరగేయండి. మోటారు పెట్టి పైమట్టం 1 అడుగు దించితే, అడుగునుంచి ఉప్పునీరు క్రమంగా 40 అడుగులు పైకి రావచ్చు! దొరువు పైపై నీటినే తీసుకుంటుంది, బోరు లోతునుంచి లాగుతుంది.

మూడేళ్ళ కిందట మా పొలం దాపునే ఒక రిసార్టు వెలిసింది. దిబ్బ చదును చేశారు, పచ్చిక కోసం బోరు వేశారు. నిరుడు వేసవిలో మా దొరువు నీళ్ళు ఉప్పగా తగిలాయి, వంగ ఆకుల అంచులు మాడాయి. బోరు వల్లేనని నేను రుజువు చేయలేను, నిరుడు వానలూ తక్కువే. పైగా మా బాబాయి కొడుకు అక్కడే తోటమాలి. రిసార్టే వద్దని ఏ నోటితో అంటాను?

కట్టే తీరు మార్చమనే నా మనవి. దిబ్బను కదపకూడదు. వాన ఇంకేదీ, ఉప్పెనకు అడ్డు నిలిచేదీ అదే. 1991 నాటి తీరప్రాంత నోటిఫికేషన్ కూడా బీచ్ రిసార్టుల కోసం దిబ్బలు చదును చేయరాదనే చెప్పింది. కాటేజీలు దిబ్బ వెనక, స్తంభాల మీద కట్టొచ్చు. బాలబందితీగ నీళ్ళడగకుండానే ఇసుకను పట్టి ఉంచుతుంది, దాన్ని పీకి పచ్చిక పెంచడమెందుకు? కప్పుమీది వాననీరు ఇసుకలోకే వదలాలి, స్నానాల నీరు శుద్ధిచేసి మొక్కలకు పోయాలి. సముద్రం వైపు దీపాలు తగ్గించాలి. గుడ్డు పగిలి వచ్చిన తాబేటిపిల్లలు వెలుతురును చూసి దారి తప్పుతాయి.

ఇప్పుడు మా నాన్న నెలకో సీసా దొరువు నీళ్ళు నింపి, తేదీ రాసి అటక మీద పెడుతున్నారు. నేను తెచ్చి కెమిస్ట్రీ ల్యాబులో సిల్వర్ నైట్రేటుతో క్లోరైడు కొలుస్తున్నాను. రిసార్టు బోరు నీళ్ళు కూడా ఓ సీసా పట్టి ఇస్తానని బాబాయి కొడుకు మాటిచ్చాడు.