చెడ్డీకీ ఇస్త్రీ కావాలి!
సిగ్గుపడితే ముదిరేది రోగమే

ఆఫ్రికా పల్లెలో పాఠాలు చెప్పడానికి వెళ్ళిన అమెరికా పంతులు కుర్చీలో ఓ పక్కకు ఒరిగి కూర్చుంటే తోటివారు ‘ఏమైంది?’ అని అడగరు. ‘చెడ్డీ ఇస్త్రీ చేయలేదా?’ అని అడుగుతారు!

1961లో అధ్యక్షుడు కెనడీ ‘పీస్ కోర్’ అనే సేవాదళాన్ని ప్రారంభించారు. ఇందులో చేరినవారు రెండేళ్ళు పరాయి దేశపు పల్లెల్లో ఉండి బడి, సేద్యం, ఆరోగ్యం పనుల్లో సాయపడతారు. 1976 వరకు మన దేశంలోనూ పనిచేశారు. తరువాత అధ్యక్షుడైన జిమ్మీ కార్టర్ తల్లి లిలియన్ 1966లో, 68 ఏళ్ళ వయసులో వచ్చి బొంబాయి విక్రోలీలో నర్సుగా సేవ చేశారు.

ఇక ఇస్త్రీ సంగతి. ఆఫ్రికాలో తుంబు ఈగ అని ఒకటుంది. ఆరేసిన తడి బట్టల మీద గుడ్లు పెడుతుంది. ఆ బట్టలు తొడుక్కుంటే పురుగు చర్మంలోకి దూరి సెగగడ్డలా లేస్తుంది. వేడి ఇస్త్రీకి గుడ్లు చస్తాయి. అందుకే అక్కడ లోదుస్తులకూ ఇస్త్రీ తప్పదు. కొత్తవారు మొదట నవ్వుతారు. గడ్డ లేచాక ఇస్త్రీపెట్టె వెతుక్కుంటారు. గడ్డ మీద వాజలైను దట్టంగా రాస్తే గాలాడక పురుగు పైకొస్తుంది. అప్పుడు తీసేస్తారు.

రెండోది కడుపు గొడవ. మురికి నీటిలోని జియార్డియా అనే సూక్ష్మజీవి కడుపులో చేరితే విరేచనాలు, కుళ్ళిన కోడిగుడ్డు కంపుతో తేన్పులు. రోగి చెప్పకముందే పక్కవాడికి తెలిసిపోతుంది! డాక్టరేమో మలం డబ్బాలో పట్టి తెమ్మంటాడు. బస్సులో ఎవరైనా ‘ఆ డబ్బాలో ఏముంది బాబూ?’ అంటే ఏం చెప్పాలి?

అయినా వారిలో ఒక మంచి గుణం ఉంది. భోజనాల దగ్గర కూడా కడుపు సంగతులు దాచుకోరు. నవ్వుతూనే చెప్పుకుంటారు, వెంటనే మందు పడుతుంది. మన ఇళ్ళలో, ముఖ్యంగా ఆడవారు, విరేచనాలైతే చెప్పడానికి సిగ్గుపడి ఒంట్లో నీరంతా పోయేదాకా ఊరుకుంటారు. ప్రాణం మీదకు వచ్చేది అక్కడే.

తాగే నీరు మరగకాచుకోవాలి. విరేచనాలు మొదలవగానే ఓఆర్ఎస్ పొట్లం కలిపి తాగాలి. అది దొరక్కపోతే, కాచి చల్లార్చిన లీటరు నీటిలో 6 చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగించాలి. కొలతకు టీ చెంచానే వాడాలి, తల కొట్టి పోయాలి. పసిపిల్లలకు చనుబాలు మానకూడదు. మలంలో రక్తం పడినా, బిడ్డ మగతగా ఉండి తాగలేకపోయినా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.