జన్యువు ఉన్నా పురుగెలా బతికింది?

పత్తి పూత మీదున్న చేలో అక్కడక్కడ రేకులు విచ్చుకోకుండా ముడుచుకుపోయిన పూలు కనిపిస్తాయి. రైతులు వాటిని గుడ్డిపూలంటారు. ఆ రేకులు విడదీస్తే లోపల గులాబీ రంగు పురుగు పిల్ల దొరుకుతుంది. కాయలోకి చేరితే అది గింజను తొలిచి దూదిని పాడుచేస్తుంది. వరంగల్ చుట్టుపక్కల బీటీ పత్తి వేసిన చేలో ఈ పురుగు కనబడగానే మొదటి అనుమానం విత్తనం మీదికే పోతుంది. నకిలీ విత్తనాలతో దెబ్బతిన్న ప్రాంతంలో ఆ అనుమానం సహజమే. అయితే అసలైన విత్తనం వేసిన చేలోనూ పురుగు బతకగలదు. ఎందుకంటే పురుగును చంపేది జన్యువు కాదు, ఆ జన్యువు ప్రకారం తయారయ్యే ప్రొటీను. ఈ రెండింటి మధ్య ఆర్‌ఎన్‌ఏ ఉంది. జన్యువు ఉండటం వేరు, పనిచేయడం వేరు. ఆ తేడా చాలావరకు ఆర్‌ఎన్‌ఏ దగ్గరే తేలుతుంది.

మన దేశంలో 2002లో అనుమతి పొందిన బీటీ పత్తిలో బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బ్యాక్టీరియా నుంచి తీసుకున్న క్రై1ఎసి జన్యువు ఉంటుంది. మొక్కలో ఆకు, వేరు, పువ్వు, ఏ కణం చూసినా దాని కేంద్రకంలోని డీఎన్‌ఏలో ఆ జన్యువు కనిపిస్తుంది. ప్రొటీన్లు తయారయ్యేది మాత్రం కేంద్రకం బయట, రైబోజోముల మీద. తహసీల్ ఆఫీసులో అసలు రికార్డు గది దాటదు, పని జరగడానికి నకలు బయటికొస్తుంది. కణంలోనూ అంతే. జన్యువును చూసి రాసుకున్న నకలే సందేశక ఆర్‌ఎన్‌ఏ. రైబోజోము దాన్ని మూడేసి అక్షరాల చొప్పున చదువుతుంది. అలాంటి మాటలు 64 ఉంటే, 61 మాటలు 20 రకాల అమైనో ఆమ్లాలను సూచిస్తాయి, మిగతా మూడు ఆగమని చెబుతాయి. ఒక్కో మాటకు తగిన అమైనో ఆమ్లాన్ని మోసుకొచ్చేది మరో రకం ఆర్‌ఎన్‌ఏ. ఆ ఆమ్లాలను గొలుసుగా కలిపే రసాయన చర్యను నడిపేది కూడా రైబోజోములోని ఆర్‌ఎన్‌ఏ భాగమే. రైబోజోము నిర్మాణాన్ని వివరించినందుకు 2009లో రసాయనశాస్త్ర నోబెల్ పంచుకున్న ముగ్గురిలో వెంకటరామన్ రామకృష్ణన్ ఒకరు.

మరి డీఎన్‌ఏ నుంచి నేరుగానే ప్రొటీను చేసుకోవచ్చు కదా, తొందరగా చెడిపోయే ఈ నకలెందుకు అని అడగవచ్చు. చెడిపోవడమే దాని ఉపయోగం. డీఎన్‌ఏ సాధారణంగా రెండు పోగుల పేట, ఆర్‌ఎన్‌ఏ ఎక్కువగా ఒంటి పోగు. ఆర్‌ఎన్‌ఏలోని రైబోజ్ చక్కెరలో ఒక ఆక్సిజన్ పరమాణువు అదనంగా ఉంటుంది. దానివల్లే ఆ పోగు తేలిగ్గా తెగుతుంది. డీఎన్‌ఏలో థైమిన్ ఉన్న చోట ఆర్‌ఎన్‌ఏలో యురాసిల్ ఉంటుంది. డీఎన్‌ఏలోని సైటోసిన్ అప్పుడప్పుడు దానంతటదే యురాసిల్‌గా మారిపోతుంది. డీఎన్‌ఏకు యురాసిల్ సొంత అక్షరం కాదు కాబట్టి మరమ్మతు ఎంజైములు ఆ తప్పును ఇట్టే పట్టేస్తాయి. తరతరాలకు అందించాల్సిన డీఎన్‌ఏకు ఆ కాపలా అవసరం. పని కాగానే తెగిపోయే ఆర్‌ఎన్‌ఏకు అంత అవసరం లేదు. నకలు శాశ్వతమైతే కణం మొదలుపెట్టిన పనిని ఆపలేదు. ఏ ప్రొటీను ఎప్పుడు, ఎక్కడ, ఎంత కావాలన్న అదుపు నకళ్లు రాయడంలోనూ చెరపడంలోనూ ఉంది.

దీనికి బీటీ పత్తి చరిత్రలోనే సాక్ష్యముంది. మొదట బ్యాక్టీరియా జన్యువును ఉన్నదున్నట్టు మొక్కల్లో పెడితే ప్రొటీను చాలా తక్కువగా వచ్చింది. ఆ జన్యువులోని కొన్ని అక్షర వరుసలు మొక్క కణంలో నకలు మధ్యలోనే తెగడానికో, త్వరగా చెడిపోవడానికో సంకేతాలుగా పనిచేయగలవని శాస్త్రవేత్తలు గుర్తించారు. ప్రొటీను మారకుండా, అవే అమైనో ఆమ్లాలను సూచించే వేరే మాటలతో జన్యువును తిరగరాశారు. 1991లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం ప్రొటీను కొన్ని మొక్కల్లో 100 రెట్ల దాకా పెరిగింది. నాగపూర్‌లోని కేంద్ర పత్తి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2005లో ప్రచురించిన కొలతలు మరో సంగతి చెప్పాయి. పురుగులకు విషమైన ఈ ప్రొటీను ఆకుల్లో ఎక్కువగా, పురుగులు కోరుకునే పూల అండాశయంలోనూ పచ్చికాయ తొక్కలోనూ అతి తక్కువగా ఉంది. విత్తిన 110 రోజుల తర్వాత అది పత్తికి పట్టే మరో పురుగైన శనగపచ్చ పురుగును అదుపు చేయాల్సిన స్థాయికన్నా దిగువకు పడిపోయింది. పంట ముదిరే కొద్దీ ఈ జన్యువు ఆర్‌ఎన్‌ఏ కూడా తగ్గుతుందని చైనా, ఆస్ట్రేలియా పరిశోధనలు చూపాయి. జన్యువు ఎక్కడికీ పోలేదు, దాని నకళ్లే తగ్గాయి.

అసలు కారణం పురుగు మొండికేయడం కదా అన్నది గట్టి అభ్యంతరం. నిజమే, గులాబీ రంగు పురుగు మొదట క్రై1ఎసిని, తర్వాత 2006 నుంచి వచ్చిన రెండు జన్యువుల పత్తిని కూడా తట్టుకోవడం నేర్చింది. కానీ ఆ తట్టుకోవడంలోనూ ఆర్‌ఎన్‌ఏ పాత్ర ఉంది. క్రై1ఎసి విషం పని చేయాలంటే అది పురుగు పేగులోని కాడ్‌హెరిన్ అనే ప్రొటీనుకు అంటుకోవాలి. మన దేశపు చేలలో తట్టుకున్న పురుగులను పరిశీలించి 2014లో వెలువరించిన అధ్యయనంలో, దెబ్బతిన్న 8 రకాల కాడ్‌హెరిన్ జన్యువుల నుంచి 19 రకాల లోపభూయిష్ట నకళ్లు కనిపించాయి. నకలులో అక్కర్లేని ముక్కలు తీసి మిగతావి అతికే దశలో తేడా రావడంతో, ఒకే జన్యువు నుంచి రకరకాల నకళ్లు పుట్టాయి. విషానికి పట్టు దొరకలేదు.

కాబట్టి విత్తనం సంచి మీద జన్యువు పేరు చూసి పంట కాలమంతా రక్షణ ఉందనుకోవడం సరికాదు. నకిలీ విత్తనాన్ని పట్టుకోవడం ఎంత ముఖ్యమో, అసలు విత్తనం ఏ దశలో ఎంత ప్రొటీను ఇస్తుందో కొలిచి రైతుకు చెప్పడమూ అంతే ముఖ్యం. లింగాకర్షక బుట్టలు పెట్టడం, గుడ్డిపూలు ఏరేయడం, తక్కువ కాలపు రకాలు వేసి పంటను పొడిగించకుండా ముగించడం, బీటీ కాని పత్తి కూడా వేయడం అనే సలహాలన్నీ జన్యువు ఒక్కదాని మీదే ఆధారపడకూడదన్న ఎరుకతో ఇచ్చేవే. కారణం తెలిసిన రైతు ఆ సలహాను మొక్కుబడిగా కాకుండా తన సొంత లెక్కగా పాటిస్తాడు. ఆర్‌ఎన్‌ఏ గురించి పాఠ్యపుస్తకంలోనే కాదు, పత్తి చేలోనూ చెప్పాల్సింది అందుకే.